ద్వీపవిహారమునకు ముందొక పాఠము

తెలుగు కుటుంబము యాత్రకు బయలుదేరినదన్నచో పూర్వము కాశీకో, రామేశ్వరమునకో, తిరుపతికో యని అర్థము. ఆ యాత్రలలో పుణ్యమే గమ్యము. వినోదము దారిలో దొరకినంత. కాలము మారినది. నేడు సామాన్య గృహస్థుడు సైతము భార్యాబిడ్డలతో అండమాను దీవులకు పోవుచున్నాడు. మరికొంచెము స్తోమతు గలవాడు ఫుకెట్‌కో, బాలికో, మాల్దీవులకో పోవుచున్నాడు. ఇందు తప్పు పట్టవలసినది లేదు. పటములో చూచిన నీలిరంగును పిల్లవాడు కన్నులార చూచుట కూడ చదువులో భాగమే. కాని ఆ ప్రయాణపు సన్నాహములను గమనించినచో ఒక వింత కనిపించును. ఆవకాయ మరువరు, కందిపొడి మరువరు, జ్వరపు మాత్రలు మరువరు. హోటలు గది కిటికీ సముద్రమువైపు ఉన్నదా లేదా యని పదిసార్లు విచారింతురు. ఆ సముద్రము ఎట్టిదో, ఏ వేళ ఎట్లు ప్రవర్తించునో మాత్రము విచారించువారు అరుదు.

దీవిలో క్షేమము డబ్బుతో కొనదగిన వస్తువు కాదు. అది తెలిసియుండుట వలనను, తెలిసినవారి మాట వినుట వలనను మాత్రమే లభించును. ఈ రెండింటిలో మొదటిది బడి నేర్పవలసినది. రెండవది ఇల్లు నేర్వవలసినది. ఏ ఒక్కటి లోపించినను రెండవది నిష్ఫలము. ఈ సత్యమునకు 2004లో ఫుకెట్ దీవిలో జరిగిన ఉదంతముకంటె మంచి నిదర్శనము దొరకుట కష్టము.

ఆ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ ఉదయమున సుమత్రా దీవికి పడమరగా సముద్రగర్భమున 9.1 పరిమాణముగల భూకంపము సంభవించినది. దానివలన లేచిన అలలు పదునాలుగు దేశముల తీరములను తాకి రెండు లక్షలకు పైగా ప్రాణములను బలిగొనినవి. తెలుగు తీరమునందును నూరుమందికి పైగా మరణించిరి. థాయిలాండు పశ్చిమతీరమున క్రిస్మస్ సెలవులు గడపుటకు వచ్చిన విదేశీయులు వేలసంఖ్యలో ఉండిరి. వారిలో ఇంగ్లండునుండి తల్లిదండ్రులతోను చెల్లెలితోను వచ్చిన టిల్లీ స్మిత్ అను పదేండ్ల బాలిక ఒకతె. ఆ కుటుంబము ఫుకెట్‌లోని మైఖావ్ అను తీరమున నడచుచుండగా సముద్రము ఆమెకు వింతగా తోచినది. నీరు ఒడ్డునకు వచ్చుచున్నదే కాని వెనుకకు మరలుట లేదు. ఉపరితలమంతయు నురుగులు కక్కుచు బుడగలెత్తుచున్నది. తక్కినవారికి అది వేడుక. ఆ బాలికకు అది పాఠము. రెండు వారములకు ముందే ఆండ్రూ కీర్నీ అను ఉపాధ్యాయుడు భూగోళశాస్త్రపు తరగతిలో సునామీని గూర్చి చెప్పి, హవాయి దీవులను ముంచిన సునామీ చలనచిత్రమును చూపియుండెను. తెరమీద చూచిన నురుగే కన్నుల యెదుట కనిపించినది.

ఆమె చెప్పినది. తల్లి తొలుత నమ్మలేదు. ఆకాశము నిర్మలముగా ఉన్నది, గాలి లేదు, తుపాను లేదు, నమ్ముటకు ఆధారమేమి? బాలిక పట్టు విడువలేదు. తండ్రి ఆమెను వెంటబెట్టుకొనిపోయి హోటలు కావలివానితో విషయము చెప్పెను. సుమత్రాలో భూకంపము వచ్చినదను వార్త అప్పటికే విని, ఇంగ్లీషు ఎరిగిన ఒక జపానీయుడు అచ్చట ఉండుట కూడ కలిసివచ్చినది. తీరము ఖాళీ చేయించిరి. కొద్ది నిమిషములలో అల వచ్చినది. సుమారు నూరుమంది బ్రతికిరి. ఆ దీవిలో ప్రాణనష్టము జరుగని కొలది తీరములలో మైఖావ్ ఒకటియైనది.

ఈ కథను బాలిక తెలివికి ప్రశంసగా చెప్పి విడిచిపెట్టుట పరిపాటి. కాని ఉపాధ్యాయులు దీనిని వేరువిధముగ చదువవలసియున్నది. ఆ తరగతిలో చూపిన చలనచిత్రము ఎక్కడిది? 1946 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తరమున అల్యూషియన్ దీవులచెంత పుట్టిన అల, సుమారు ఐదు గంటలు ప్రయాణముచేసి హవాయిని తాకినది. ముందుగా హెచ్చరించు వ్యవస్థ ఆనాడు లేదు. తేదీనిబట్టి హాస్యమని కొట్టివేసినవారును కలరు. లౌపాహోయెహోయె అను గ్రామమున బడి సముద్రపుటొడ్డుననే ఉండెను. నీరు వెనుకకు పోయి అడుగున రాళ్ళు బయలుపడగా, కొట్టుకొనుచున్న చేపలను చూచుటకు పిల్లలు కుతూహలముతో దిగిరి. తరువాతి అల వారిని తీసికొనిపోయినది. విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిసి ఇరువదిమందికి పైగా ఆ ఒక్క చోటనే మరణించిరి. హవాయి అంతట మృతులు 159 మంది.

ఆనాడు అల రూపమెరుగక కొందరు పిల్లలు పోయిరి. యాబదియెనిమిదేండ్ల తరువాత మరొక మహాసముద్రపు తీరమున, మరొక దేశపు పిల్ల, ఆ రూపమెరిగి నూరుమందిని కాపాడినది. ఆ రెంటికిని నడుమ నున్నది ఒక తరగతిగది, ఒక ఉపాధ్యాయుడు, ఒక పీరియడు. ఏ ఊరో, ఎవరికో జరిగిన కష్టమును వృథాపోనీయక, దానిని ఎన్నడును చూడనివారికి జ్ఞానముగా అందించుటయే చదువనగా. భూగోళశాస్త్రమును మార్కులకొరకు వల్లెవేయించు బడులు ఈ మాటను ఆలోచింపవలెను. సునామీ యనగానేమి యను ప్రశ్నకు నాలుగు పంక్తుల జవాబు వ్రాసి నాలుగు మార్కులు తెచ్చుకొనిన విద్యార్థికి, సముద్రము నురుగు కక్కునప్పుడు కాళ్ళు కదలునా? కదలనిచో ఆ నాలుగు మార్కులు ఎందులకు?

ఇక రెండవ భాగము ఇంటిది. ఆ తండ్రి వినకపోయినచో ఆ ఉపాధ్యాయుని శ్రమ వ్యర్థమే. తెలుగు ఇండ్లలో పిల్లల యెడ ప్రేమకు కొరత లేదు. పిల్లల మాటకే విలువ తక్కువ. పెద్దలు మాటాడుచుండగా పిల్లలు నోరు తెరచినచో, ఊరకుండవమ్మా, పెద్దలకు తెలియదా యని అణచుట మర్యాద నేర్పుటగా చెల్లుచున్నది. వినయము మంచిదే. కాని తల్లిదండ్రులు చదివిన కాలమున లేని పాఠములు నేడు పిల్లల పుస్తకములలో ఉన్నవి. 2004కు పూర్వము తెలుగునాట సునామీ యను మాటనే ఎరిగినవారు తక్కువ. అట్టి స్థితిలో వయస్సే జ్ఞానమనుకొనుట ప్రమాదము. పిల్లవాడు చెప్పినది పొరపాటే కావచ్చును. పొరపాటైనచో పోయినది ఒక అరగంట విహారము. నిజమైనచో, వినకపోవుట వలన పోవునది తిరిగిరానిది. ఈ బేరమున నష్టమెటనున్నదో లెక్కలు నేర్చిన ప్రతి తండ్రికిని తెలియును.

పిల్లల మాట వలెనే స్థానికుల మాటయు వినదగినది. సుమత్రాకు పడమర సిమెలూ అను దీవి కలదు. 2004 భూకంపమునకు మిక్కిలి చేరువలో నున్న జనావాసములలో అది యొకటి. అలలు అచ్చటికి కొద్ది నిమిషములలోనే చేరినవి. ఐనను సుమారు డెబ్బదియెనిమిది వేల జనాభాలో మరణించినవారు ఏడుగురు. వారికి యంత్రములు లేవు, హెచ్చరిక కేంద్రములు లేవు. 1907లో అచ్చట ఒక సునామీ వచ్చి ఊళ్ళను తుడిచిపెట్టినది. నాటినుండి స్మోంగ్ అను ఒక్క మాటను అవ్వలు జోలపాటలలోను, కథలలోను మనుమలకు అందించుచు వచ్చిరి. నేల గట్టిగా కంపించి, సముద్రము వెనుకకు పోయినచో కొండకు పరుగెత్తుమనుటయే ఆ మాటకు తాత్పర్యము. తొంబదియేడేండ్లు ఆ మాట నాలుకలమీద నిలిచినది. ఒక్క ఉదయమున వేలమందిని నిలిపినది. భారతదేశమునందే లిటిల్ అండమాన్‌లోని ఓంగీలు కూడ సముద్రపు మార్పును గుర్తించి మెరకకు చేరి ప్రాణములు దక్కించుకొనిరి. ఓంగీలను అనాగరికులని పాఠ్యపుస్తకములు వర్ణించిన రోజులు కలవు. ఆ ఉదయమున నాగరికత ఎవరియందుండెనో విద్యార్థులే నిర్ణయింపవచ్చును.

సెలవులకు దీవికి పోవువారు సాధారణముగా స్థానికుని సేవకునిగానే చూతురు. గది ఊడ్చువాడు, పడవ నడపువాడు, కొబ్బరిబోండము కొట్టి యిచ్చువాడు, అంతియే. ఈ దినము నీటిలో దిగవద్దని పడవవాడు చెప్పినచో, డబ్బులిచ్చి యింతదూరము వచ్చితిమి, వీడెవడు చెప్పుటకు అని కినియుదురు. నిజమునకు ఆ దీవిలో ఉపాధ్యాయుడు వాడు. వచ్చినవారు ఒకటవ తరగతివారు. సముద్రమునుబట్టి జీవించువాడు సముద్రమునకు భయపడుచున్నాడనిన, సముద్రమును సెలవులకు మాత్రమే చూచువానికి అదే చాలిన సూచన.

సునామీ అరుదుగా వచ్చునది. ఒక తరమున కొందరే దానిని చూతురు. కాని దీవిలో నిత్యము పొంచియుండు ప్రమాదములు వేరే కలవు. అవియు ఇట్లే తెలియనివానినే పట్టుకొనును. వానిలో మొదటిది ఒడ్డునుండి లోనికి లాగు ప్రవాహము. అలలు వరుసగా తెచ్చి ఒడ్డున పోసిన నీరు ఎటోవొకచోట మరలిపోవలెను గదా! ఇసుకతిన్నెల నడుమ పల్లము దొరకినచోట అది ఇరుకైన కాలువవలె వేగముగా లోనికి పరుగెత్తును. ఇందలి మాయ యేమనగా, ఆ కాలువమీద అలలు తక్కువగా విరుగును. నీరు కొంచెము నల్లగా, ప్రశాంతముగా కనిపించును. పిల్లలను దింపుటకు ఇదే మంచి చోటని తల్లిదండ్రులు ఎంచుకొనునది సరిగా దానినే. అందులో చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదబోయి అలసిపోవును. ముంచునది ఆ అలసటయే. భయపడక తేలియుండి, చేయెత్తి పిలిచి, శక్తియున్నచో ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది ప్రవాహము దాటి, పిమ్మట అలలతోపాటు వచ్చినచో బయటపడవచ్చును. మునుగువానికొరకు ఈతరానివారు ఒకరివెంట ఒకరు దూకి, ఒక ఇంటిలో ఇద్దరు ముగ్గురు పోవుట తెలుగు తీరములయందును వినుచున్న విషాదమే. అట్టి వేళ దూకుటకంటె, తేలెడి వస్తువు నొకదానిని విసరి కావలివానిని కేకవేయుట నిజమైన సహాయము.

తీరమున పాతిన జెండాలకు అర్థము కలదు. ఎరుపు పసుపు కలిసిన జెండాలు రెండింటి నడుమ రక్షకుల కాపలా ఉండును; అచ్చటనే దిగవలెను. కేవలము ఎర్రజెండా ఎగిరినచో నీటిలో దిగరాదు. ఈ జెండాలు అలంకారములు కావు. వాని వెనుక పోయిన ప్రాణముల లెక్క కలదు. అట్లే అండమానులో మడ అడవుల చెంతను, ఏరు సముద్రమున కలియుచోట్లను మొసళ్ళు కలవను పలకలు కనిపించును. ఉప్పునీటి మొసలి సముద్రములోను ఈదును. 2010లో స్వరాజ్ ద్వీపమున, అప్పటి పేరు హేవ్‌లాక్, నీటిలోనున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలికి బలియైనది. పలక ముందు నిలిచి చిత్రములు తీయించుకొని, దానిని దాటి నీటిలో దిగువారికి చదువు ఉన్నదనవలెనా, లేదనవలెనా?

సముద్రపు అందములలోనే కొన్నిటికి విషము కలదు. పెట్టెవంటి ఆకారము గల ఒక జాతి జెల్లీచేప తాకినచో నిమిషములలో ఊపిరి నిలువవచ్చును. అట్టిచో ఒంటిని ఇసుకతో రుద్దక, మంచినీరు పోయక, వెనిగర్ పోసి వెంటనే వైద్యసహాయము పిలువవలెను. థాయిలాండులో పలు తీరములయందు ఇందుకొరకే వెనిగర్ సీసాలను స్తంభములకు అమర్చియుంచిరి. అవి యెందులకో తెలియని పర్యాటకుడు వానిని వింతగా చూచి పోవును. శంఖువు ఆకారమున, చక్కని చిత్రములతో కనిపించు కొన్ని గవ్వలలో బ్రతికియున్న నత్త విషపుముల్లుతో పొడుచును. పెద్దజాతి నత్త కాటుకు మనుష్యులు మరణించిన సందర్భములు కలవు. కావున పిల్లలకు గవ్వలు ఏరు సరదా నేర్పుటకు ముందు, తెలియనిదానిని ముట్టరాదను నియమము నేర్పవలెను. పగడపు దిబ్బలపై వట్టికాళ్ళతో నడచుట కాలికిని నష్టము, పగడమునకును నష్టము.

పడవల సంగతి ఇంకను ముఖ్యము. 2014 జనవరి 26న అండమాను రాజధాని సమీపమున, పరిమితికి మించి ఎక్కించుకొనిన విహారనౌక యొకటి మునిగి ఇరువదిమందికి పైగా పర్యాటకులు మరణించిరి. 2018 జూలై 5న ఫుకెట్ వద్ద తుపాను గాలులలో చిక్కిన నౌక మునిగి నలువదియేడుగురు పోయిరి. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు చెంత జరిగిన పడవ ప్రమాదమును తెలుగువారు మరువజాలరు. అది నది, ఇవి సముద్రములు. ఐనను అన్నిటికిని వర్తించు పాఠమొకటే. ఎక్కుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను: వాతావరణ సూచన యేమి? పడవకు అనుమతించిన సంఖ్య యెంత? పిల్లల కొలతకు సరిపోవు లైఫ్ జాకెట్లు కలవా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి సరియైన జవాబు రాకున్నను దిగిపోవుట పిరికితనము కాదు. చెల్లించిన డబ్బు పోవునని మొగమాటపడి కూర్చుండుటయే అవివేకము. జాకెట్టు ఉక్కగా నున్నదని విప్పి ఒడిలో పెట్టుకొనిన తండ్రిని చూచి కొడుకును అదే చేయును. ఆ విషయమున ఆజ్ఞకంటె ఆచరణయే మంచి బోధ.

ఋతువునుగూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. తెలుగునాట బడులకు పెద్దసెలవులు వేసవిలో వచ్చును. నైరుతి ఋతుపవనము అండమాను సముద్రమును తాకునది సాధారణముగా మే నెల మూడవ వారమున. అనగా తెలుగు పిల్లలకు సెలవులు సగము గడచునప్పటికి అచ్చట సముద్రము కల్లోలితమగుట మొదలగును. ఫుకెట్ పడమటి తీరమునను మే నుండి అక్టోబరు వరకు అలలు బలమైనవి. ఆ నెలలలోనే గదుల అద్దె తగ్గును. ఆ చౌకకు కారణమేమో ఆలోచింపక, మంచి బేరము దొరకినదని సంతోషించుట కలదు. సంక్రాంతి సెలవులకు పోయినవారికి కనిపించిన శాంతసముద్రమే జూన్‌లోను కనిపించునని తలచుట, పటమును చూచినవాడు చేయదగిన పొరపాటు కాదు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. విహారమునకు పోవు పిల్లలకు ఇన్ని భయములు చెప్పినచో ఆనందమేమి మిగులుననునది మొదటిది. కాని భయము వేరు, ఎరుక వేరు. తెలియనివాడు రెండే స్థితులలో ఉండును: ప్రమాదము కనిపించువరకు నిర్లక్ష్యము, కనిపించిన పిమ్మట దిగ్భ్రాంతి. తెలిసినవానికి ఈ రెండును లేవు. రోడ్డు దాటుట నేర్చిన పిల్లవాడు వీధిలో నిర్భయముగా నడచును. సముద్రమును తెలిసిన పిల్లవాడు ఒడ్డున నిశ్చింతగా ఆడును. ఎచ్చట ఆడవచ్చునో తెలిసినప్పుడే ఆట పూర్తి ఆట.

రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. నేడు హెచ్చరిక కేంద్రములు కలవు, చేతిలో ఫోను కలదు. అలను బాలిక గుర్తుపట్టవలసిన అవసరమేమి యని. ఇందు నిజము లేకపోలేదు. 2004 అనుభవము తరువాత భారతదేశము నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రము 2007 నుండి హైదరాబాదులోనే పనిచేయుచున్నది. సముద్రమే లేని నగరమున కూర్చుండి శాస్త్రజ్ఞులు హిందూమహాసముద్రమును రేయింబవళ్ళు గమనించుట తెలుగు విద్యార్థులు గర్వింపదగిన విషయము. ఐనను యంత్రము చేయగలిగినదానికి మేర కలదు. అల పుట్టినచోటికి దగ్గరగానున్న దీవికి అది కొద్ది నిమిషములలో చేరును. హెచ్చరిక చేరుటకు వ్యవధి యుండకపోవచ్చును. 2018 డిసెంబరు 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటావ్ అగ్నిపర్వతపు భాగము సముద్రములో విరిగిపడి అల లేచినప్పుడు ముందస్తు హెచ్చరికయే రాలేదు. నాలుగువందలమందికి పైగా మరణించిరి.

హెచ్చరిక వచ్చినచోటనైనను, దాని అర్థము తెలియనివానికి అది వట్టి శబ్దము. 1960 మే నెలలో చిలీలో పుట్టిన అల హవాయిలోని హీలో పట్టణమును చేరుటకు గంటలకు ముందే సైరనులు మ్రోగినవి. ఐనను పలువురు ఇండ్లు వదలలేదు; అల యెట్లుండునో చూడవలెనని తీరమునకు పోయినవారును కలరు. అరువదియొక్కరు మరణించిరి. 1946లో హెచ్చరిక లేక పోయిన పట్టణమే, 1960లో హెచ్చరిక యుండియు నష్టపోయినది. యంత్రము చెవిలో చెప్పగలదు; వినునది మనస్సు. ఆ మనస్సును సిద్ధము చేయునది బడి.

కావున ఉపాధ్యాయులు చేయదగిన పని పెద్దదేమియు కాదు. పెద్దసెలవులకు ముందు ఒక్క పీరియడు ఇందుకు కేటాయించినచో చాలును. అందు చెప్పవలసిన ముఖ్యవిషయములు కొన్నియే. తీరమున ఉండగా నేల గట్టిగా గాని, చాలసేపు గాని కంపించినను, సముద్రము హఠాత్తుగా వెనుకకు పోయినను, ఉబ్బి వచ్చినను, సముద్రమునుండి పెద్ద హోరు వినవచ్చినను, ఎవరి ఆజ్ఞకొరకును వేచియుండక మెరకకు గాని, లోపలికి గాని కాలినడకన పోవలెను. మెరక దూరమైనచో గట్టి కట్టడపు పై అంతస్తు ఎక్కవలెను. నీరు వెనుకకు పోయిన తరువాతనే అల వచ్చునను నియమము లేదని కూడ చెప్పవలెను. 2004లో థాయిలాండు వైపు సముద్రము తొలుత వెనుకకు తగ్గినది. భారత, శ్రీలంకల వైపు తొలుత ఉబ్బియే వచ్చినది. మొదటి అలయే పెద్దదని నమ్మరాదు. గంటలకొద్ది అలలు వచ్చును. వదలివచ్చిన సామానుకొరకు మరలిపోయినవారే రెండవ అలకు చిక్కుదురు.

ఈ పాఠమును కథగా చెప్పినచో మరింత నిలుచును. 1854లో జపానులోని ఒక గ్రామమున హమగుచి గొర్యో అను పెద్దమనిషి చీకటిలో జనులకు దారి చూపుటకు వరిగడ్డి మోపులకు నిప్పుపెట్టి, వారిని మెరకకు రప్పించి కాపాడెను. ఆ ఉదంతము 1937 నుండి 1947 వరకు జపాను ప్రాథమిక పాఠశాలల వాచకములో పాఠముగా నుండెను. దానిని స్మరించియే నవంబరు 5వ తేదీని ప్రపంచ సునామీ అవగాహన దినముగా ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించినది. ఆ దినమున ప్రార్థనవేళ ఐదు నిమిషములు ఈ కథకు ఇచ్చుటకు ఏ బడికిని నిధులు అవసరము లేదు.

విద్యార్థులకును ఒక పని కలదు. సెలవులకు కుటుంబము ఏ దీవికి పోనున్నదో తెలిసిననాడే పటము తీసి చూడవలెను. బస చేయు చోటికి మెరక యెంత దూరము? దగ్గరనున్న ఆస్పత్రి యెచ్చట? ఆ నెలలో గాలి యెటువైపునుండి వీచును? ఆ తీరమున మొసళ్ళు కలవా, జెల్లీచేపలు కలవా? కనుగొనిన జవాబులను ఒక కాగితమున వ్రాసి భోజనవేళ తల్లిదండ్రులకు చదివి వినిపింపవలెను. పెద్దలు నవ్వినను నవ్వనిండు. అక్కడ దిగినతరువాత ఆ కాగితమే మొదట వెదకుదురు. అండమానులోని తెలుగు కుటుంబములలో బంధువులుగాని, పరిచయస్థులుగాని ఉన్నచో వారికి ముందుగా ఉత్తరమో, ఫోనో చేసి అడుగుట ఇంకను మేలు. ఇక అన్నిటికి మించి, ఈత నేర్వవలెను. నేర్చియు, అది నేర్చిన చెరువునకును సముద్రమునకును గల తేడాను మరువరాదు.

తల్లిదండ్రులు మాత్రము ఒక ఒడంబడికకు సిద్ధపడవలెను. సముద్రపుటొడ్డున బిడ్డ భయపడి చేయిపట్టి లాగినచో, కారణము తరువాత అడిగి, ముందు కదలుటయే ఆ ఒడంబడిక. ఆ మాట ఇంట్లో బయలుదేరుటకు ముందే ఇచ్చియుండవలెను. అల కనిపించిన పిమ్మట వాదించుటకు వ్యవధి యుండదు.

సముద్రమునకు మనుష్యులపై పగ లేదు, ప్రేమయు లేదు. అది తన నియమములనుబట్టి నడచును. ఆ నియమములను కొందరు ప్రాణములిచ్చి కనుగొనిరి, కొందరు పాటలలో దాచిరి, కొందరు పుస్తకములలో వ్రాసిరి. వానిని నేర్వక దీవికి పోవువాడు, పూర్వులు చెల్లించిన మూల్యమును తానును మరల చెల్లింపబూనుచున్నాడు. విమానమున తీసికొనిపోవు సామానునకు తూకపు పరిమితి కలదు. తెలిసియుండుటకు బరువు లేదు. సెలవుల ప్రయాణమునకు పెట్టె సర్దునప్పుడు ప్రతి ఇల్లును మొదట పెట్టుకొనవలసినది దానినే. అది పిల్లలకు అందియున్నదా లేదా యన్నది, సెలవుగంట కొట్టుటకు ముందు ప్రతి బడియు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న.